రాసుకుంటున్నా, చెప్పండి

నాలుగో కిటికీ దగ్గరికి ఆమె రావడం అది మూడోసారి.

మొదటిసారి స్కూలు ముద్ర సరిగా పడలేదన్నాడు గుమస్తా. రెండోసారి డాక్టరు చీటీ పాతబడిపోయిందన్నాడు. పిల్లలకు ఉచితంగా కళ్ళద్దాలిచ్చే పథకం అది. ఈ ఏటికి ఆ రోజే ఆఖరు. తప్పిందంటే మళ్ళీ వచ్చే ఏడాదే. ఆమె పక్కన ఎనిమిదేళ్ళ కూతురు గోడ గడియారం వైపు కళ్ళు చికిలించి చూస్తోంది. క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్నా దానికి బోర్డు మీద అక్షరం ఆనదు. పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుని, కాపీ కొట్టిందని దెబ్బలు కూడా తిన్నది.

టీచరమ్మ నింపి ఇచ్చిన దరఖాస్తుని గుమస్తా అటూ ఇటూ తిరగేశాడు. ఈసారి ముద్ర బాగానే ఉంది. చీటీ కొత్తదే. అయినా వెతికేవాడికి వంక దొరక్కపోతుందా?

"ఫోటోలో పిల్ల కళ్ళు సరిగా తెరవలేదు. ఇంకోటి తీయించుకురా పో."

కళ్ళు కనబడకే కదా చికిలించిందని ఆమె నెమ్మదిగానే చెప్పింది. అదంతా తనకి తెలియదనీ, రూలు రూలేననీ అన్నాడు. వెనకాల వరసలో ఎవరో నిట్టూర్చారు.

పొద్దుటి నుంచి ఇస్త్రీ పెట్టె తోసి తోసి కందిన చేతుల్తో ఆమె సంచి విప్పింది. ఒక నోటుబుక్కు తీసింది. పెన్ను తీసింది. కిటికీ చెక్క మీద పుస్తకం పరిచింది.

"ఏ రూలో చెప్పండి. రాసుకుంటాను."

గుమస్తా తలెత్తాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కిటికీ ముందు ఏడ్చినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు, కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళున్నారు. రాసుకున్నవాళ్ళు మాత్రం లేరు.

రూల్సన్నీ గోడ మీద బోర్డులో ఉన్నాయి చూసుకోమన్నాడు.

"గోడతో నాకేం పని? మీ నోటితో చెప్పండి. మీ మాట మీ మాటగానే ఉండాలి."

పేరడిగింది. బల్ల మీద పలకలో ఉంది కదా అన్నాడు. అదీ మీరే చెప్పాలంది. నసుగుతూ చెప్పాడు. పెన్ను గబగబా పరిగెత్తింది. ఆ తర్వాత అతను పక్కకి జరగమన్నా రాసింది, అబ్బా అని విసుక్కున్నా రాసింది, ఆఖరికి దగ్గినా రాసింది.

పిల్ల ఆ పుస్తకం మీదకి ముక్కు ఆనేంతగా వంగి చూసింది. కిసుక్కున నవ్వబోయి నోరు మూసుకుంది. తన గురించి ఏం రాసి పెట్టిందోనని గుమస్తాకి ముచ్చెమటలు పోశాయి. మెడ సాచి చూడబోయాడు. ఆమె పేజీకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పై ఆఫీసు మనిషేమోనని ఒకరు, కాదు పేపరు మనిషని ఇంకొకరు గుసగుసలాడుకున్నారు. వరసలో ఒక ముసలాయన తనకీ ఒక పెన్ను కావాలన్నాడు. ఒకావిడ సంచిలో తెల్లకాగితం కోసం వెతకడం మొదలెట్టింది.

"ఎందుకండీ ఇదంతా?" అన్నాడు గుమస్తా. నువ్వు కాస్తా మీరైపోయింది.

"మీ ఇంట్లోది అడగడం లేదు. నా బిడ్డకి రావాల్సింది అడుగుతున్నా. ఇవ్వనంటే ఇవ్వనని చెప్పండి, అదీ రాసుకుంటా. ఈ పుస్తకం అయిపోతే ఇంకోటి తెచ్చుకుంటా. నేనైతే కదలను."

గుమస్తా దరఖాస్తు మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. ఫోటో ఇంకోసారి చూశాడు. ఈసారి పిల్ల కళ్ళు చక్కగా తెరుచుకునే ఉన్నట్టు కనబడ్డాయి. ముద్ర ఠపీమని పడింది. బీరువాలోంచి చీటీలో ఉన్న నంబరు అద్దాలు బయటికొచ్చాయి.

పిల్ల వాటిని పెట్టుకుంది. ముందు గడియారం చూసింది. తర్వాత గోడ మీది బోర్డుని పై నుంచి కింద దాకా చూసింది.

"అమ్మా, దాంట్లో ఫోటో గురించి ఏమీ లేదే!"

వరసంతా గొల్లుమంది. గుమస్తా మొహం కందగడ్డయింది. తల్లి మాత్రం నవ్వలేదు. ఆ అద్దాల వెనక కూతురి కళ్ళనే చూస్తూ, ఇన్నాళ్ళకి గుండెల మీది బండ దిగినట్టు ఊపిరి పీల్చుకుంది.

అందినట్టు సంతకం చేయమని గుమస్తా రిజిస్టరు జరిపి, వినయంగా తన పెన్ను అందించబోతే, ఆమె నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుని, బొటనవేలు చాపి, స్టాంపు ప్యాడ్ ఇలా జరపమంది.