ఎల్లం బావ ఒక్కపొద్దు

ఎల్లం బావకు,

కోడి గీకినట్టున్న నా రాతను, తప్పులను ఏమనుకోకుండ చదువు.

మొన్న ఆదివారం మా కోడలు దేవిక నీకోసమే మటన్ వండింది. సాప పరిచి, మోదుగాకు ఇస్తర్లు ఏసి, నడుమ ఇత్తడి చెంబుల బంతిపూలు పెట్టింది. సాదాగనే ఉన్నా మస్తు స్టైలుగుండె.

నువ్వు సాపను సూడంగనే "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు బిడ్డా" అని, మంచినీళ్లు తాగి చేగుంట బస్సెక్కినవు. మటన్ వాసన రాంగ నువ్వెన్నడన్న ఒక్కపొద్దున్నవా బావా?

దేవిక ఏడ్సింది. "ఆయనకు నా చేతి కూడు తినబుద్ది కాలేదా మామా?" అనడిగింది. నీ మోకాళ్లు వంగవు, కింద కూసోలేవని నాకెరుకే. అయినా నోరు తెరవలే.

ఎందుకంటె ఆమె ముందుగాల టేబులే సదిరింది. "మీ కాలంల సుట్టాలకు ఎట్ల పెడుతుండిరి మామా?" అని నన్నడిగింది. ఇంట్ల నన్నొకలు సలహా అడుగుడు అదే మొదలు. ఆ సంబురంల నీ మోకాళ్లు మరిచి, టేబుల్ నేనే తీయించిన.

ఆమెకు చెప్పనీకి నోరు రాలే. అందుకే ఈ పోస్టుకార్డు ఆమె చేతికే ఇస్తున్న, పోస్టు డబ్బల ఎయ్యమని. చదివితే చదవనియ్యి.

వచ్చే ఆదివారం నీకు కుర్చీ ఏస్తం. వస్తవో లేదో జల్ది రాయి.

నీ బావ, మెదక్