వంతెన అడిగిన తల్లి

"అర్జీలు ఇక్కడ కాదత్తా. సోమవారం అనకాపల్లి ఎల్లి కలెక్టరాఫీసులో ఇచ్చుకో" అంటూ ఎల్లాజీ కొర్లమ్మ చేతిలోని కాగితం లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కేశాడు.

"అనకాపల్లి ఎల్లాలంటే గెడ్డ దాటాల కదరా. నా అర్జీయే ఆ గెడ్డ మీద" అంది కొర్లమ్మ.

ఎల్లాజీ ఆమెకు వరసకు మేనల్లుడు. కానీ ఇవాళ మెడలో ఎమ్మెల్యే కండువా పడింది. కండువా పడ్డాక వరసలుండవు.

ఊరికీ తారురోడ్డుకీ మధ్య పారే వాగే ఆ గెడ్డ. వాన పడితే నడుం లోతు నీళ్లు. అంబులెన్సు అవతలి గట్టు మీద నిలబడి హారన్ కొడుతుంది, అంతే. కొర్లమ్మ కోడలు సుప్రియకు తొమ్మిదో నెల నిండబోతోంది. పొద్దుట్నుంచి ఆకాశం నల్లగా ఉంది.

ఎమ్మెల్యే మహేశ్వరరావు కూడా ఆ గెడ్డ దాటే మరిడమ్మ తల్లి పండగకి వచ్చాడు. ట్రాక్టరు తొట్టెలో సోఫా వేయించుకుని, దాని మీద కూర్చుని దాటాడు. ఇప్పుడా సోఫాని గుడి ముందు దించారు. ఆయన అందులోనే ఉన్నాడు.

"ఒక్క ముక్క సెప్పి వచ్చెత్తానురా" అంది కొర్లమ్మ.

"ఆయన తల్లితో మాట్టాడ్డానికి వచ్చేరు. నీతో కాదు."

కొర్లమ్మ వాడి మొహంలోకి చూసింది. గుడివైపు చూసింది. ఆ తర్వాత జుట్టు ముడి విప్పేసింది.

డప్పులు ఎలాగూ మోగుతున్నాయి. ఒక్క కేక పెట్టి, తల గిర్రున తిప్పుతూ, కట్టిన తాళ్లను తోసుకుంటూ పోయింది. ఇందాక ఆమెను రెండుసార్లు వెనక్కి నెట్టిన పోలీసే చెప్పులు విప్పి దండం పెట్టి పక్కకి జరిగాడు. కాగితం పట్టుకున్న మనిషికి లేని దారి జుట్టు విరబోసుకున్న మనిషికి దొరికింది. మన రాజ్యం నడిచే తీరు ఇది.

పూజారి ఎర్రయ్య పరుగున వచ్చి ఆమె కాళ్ల మీద పసుపునీళ్లు పోసి, చేతికి వేపమండ ఇచ్చాడు.

"ఎవరు తల్లీ నువ్వు?"

"మరిడమ్మనిరా."

"ఏటి కావాల తల్లీ? కోడా, మేకపోతా?"

"వంతెన."

ఎర్రయ్య నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని పూనకాలు చూశాడో. ఏ తల్లీ సిమెంటు పని అడగలేదు.

"వంతెనంటే... గెడ్డ మీదా తల్లీ?"

"కాదు, నీ నెత్తి మీద. పొడుగు అరవై అడుగులు. ఎడల్పు పదిహేను. అంబులెన్సు పట్టాల."

జనం మోకాళ్ల మీద పడ్డారు. కొలతలతో సహా చెప్పిందంటే తల్లే, అనుమానం లేదు. ఫోన్లన్నీ పైకి లేచి ఆమె మీద నుంచి ఎమ్మెల్యే మీదికి తిరిగాయి.

మహేశ్వరరావు సోఫాలోంచి లేచి చేతులు జోడించాడు. "అమ్మవారి ఆదేశాన్ని తప్పకుండా పరిశీలిస్తాం."

వేపమండ ఆయన భుజం మీద ఫట్‌మంది. ఎల్లాజీ అడ్డం రాబోతే వాడికి చెంప మీద ఇంకోటి పడింది. మొదటి దెబ్బ తల్లిది. రెండోది మాత్రం అచ్చంగా కొర్లమ్మది.

"పరిశీలించకు. కట్టిత్తావా, కట్టించవా?"

"కట్టిస్తాను తల్లీ."

"ఎప్పుడు?"

"నిధులు విడుదలైన వెంటనే..."

మండ మళ్లీ పైకి లేచింది.

"ఎల్లుండే శంకుస్థాపన తల్లీ. మూడు నెలల్లో పూర్తి చేయిస్తాం."

"అందాకా?"

"అందాకా రోజూ ఒక ట్రాక్టరు గెడ్డ దగ్గరే ఉంటుంది తల్లీ. గర్భిణీ స్త్రీలు ముందు."

"కర్పూరం మీద సెయ్యెట్టి సెప్పు."

ఎర్రయ్య పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చాడు. మరిడమ్మ కర్పూరం మీద ఒట్టేసి తప్పినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మహేశ్వరరావు మంటని చూశాడు. ఫోన్లని చూశాడు. వెనక సోఫా తప్ప పారిపోవడానికి దారి లేదు. చెయ్యి చాపి, "వంతెన కట్టిస్తాను. తల్లి మీద ఒట్టు" అన్నాడు.

ఈలలు. డప్పులు. కొర్లమ్మ సంతోషంలో ఊగడం మర్చిపోయింది. సుప్రియని సోఫా వేసిన ట్రాక్టరులోనే పంపుతారేమోనని కూడా అనుకుంది. గుర్తొచ్చి మళ్లీ ఊగింది.

అంతలో ఎమ్మెల్యే చెయ్యి వణికింది. ఆపైన గడ్డం. ఆపైన పొట్ట. కండువా పీకి అవతల విసిరాడు. సోఫాని ఒక్క తన్ను తన్ని, గుడి ముందు గిరగిరా తిరగడం మొదలుపెట్టాడు. ఎర్రయ్య మిగిలిన పసుపునీళ్లు ఆయన బూట్ల మీద కుమ్మరించాడు.

కొర్లమ్మ జుట్టు సందులోంచి ఒక కన్ను తెరిచి చూసింది. ఆయనా ఒక కన్ను తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

'దొంగ పూనకం' అనే మాట కొర్లమ్మ పెదాల దాకా వచ్చింది. కానీ ఊరందరిలోకీ ఆ మాట అనకూడనిది ఆమె ఒక్కతే. దాన్ని మింగేసి ఊగుతూనే ఉంది.

"ఎవరు సామీ నువ్వు?" ఎర్రయ్య దండం పెట్టి అడిగాడు.

అప్పటిదాకా పుస్తకంలా మాట్లాడిన నోటికి ఊరి యాస వచ్చేసింది.

"పోతురాజునిరా, ఈ తల్లి తమ్ముణ్ణి" అని కొర్లమ్మ కాళ్ల మీద పడ్డాడు. "అక్కా, ఇందాక కర్పూరం మీద ఒట్టేసింది నేనే. నే దిగిపోయేక ఈ ఎమ్మెల్యేకి ఒక్క ముక్కా గుర్తుండదు."