తొంభై ఎనిమిది మార్కుల వాచ్‌మన్

డెబ్బై నాలుగు వానాకాలంలో పామర్రు ధాన్యం గోడౌన్‌కి రాత్రి వాచ్‌మన్ కావలసి వచ్చాడు. బెజవాడ ఆఫీసువాళ్ళు చురుకుదనం కొలిచే మెషినొకటి తెచ్చి పరీక్ష పెట్టారు. ఎర్ర బల్బు వెలగ్గానే బటన్ నొక్కాలి, అంతే. నాకు తొంభై ఎనిమిది మార్కులు. పదిహేనేళ్ళుగా అక్కడే టెంపరరీగా కాపలా కాస్తున్న మరియదాసు బాబాయికి పన్నెండు. ఉద్యోగం నాదే!

పాపం, బాబాయి నవ్వుతూనే తాళాలిచ్చాడు. "జక్కయ్యా, గోడౌన్ పక్క కాలవలో కప్పల మీద ఓ చెవి వేసి ఉంచు. మనిషి నడిస్తే నోరు మూసుకుంటాయి. ఆ మనిషి ఆగితే, కాసేపటికి మళ్ళీ అందుకుంటాయి."

"నా వేలు చూశావా బాబాయ్, ఎంత స్పీడో!" అన్నాను.

మొదటి రాత్రి ఈల వేసుకుంటూ కూర్చున్నాను. కప్పలు హోరెత్తిస్తున్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే ఆగాయి. టార్చి వేశాను. ఎవరూ లేరు. ఎంతసేపు చూసినా కప్పలు అరవలేదు. ఇక్కడ వెలగడానికి బల్బూ లేదు, నొక్కడానికి బటనూ లేదు. నా చురుకంతా కాళ్ళలోకి దిగింది. కాలవగట్టు మీదుగా బాబాయి ఇంటికి ఒకటే పరుగు.

"ఆ ఉద్యోగం నువ్వే తీసుకో బాబాయ్!" అన్నాను వగరుస్తూ.

బాబాయి లాంతరెత్తి నన్ను చూసి పకపకా నవ్వాడు. అరుగు మీద కూర్చోబెట్టి చెంబుడు మంచినీళ్ళిచ్చాడు. తాగి, స్థిమితపడ్డాను. అప్పుడు బాబాయి నవ్వు ఆపి, కాలవ వైపు చెవి ఒగ్గాడు.

"నువ్వు కూర్చుని చాలాసేపయింది కదరా. మరి కప్పలింకా అరవవేం?"