కుండలో ఇడ్లీ

పెట్టె పై సగం ఎత్తగానే లోపలి ఇసుక మళ్ళీ కూలిపోయింది.

మునిశేఖర్‌కు కోపం నషాళానికి అంటింది. ఆయనకు కోపమొస్తే కొలిమికి బొగ్గు అక్కర్లేదనీ, ఇనుము భయపడి తనంతట తానే కరిగిపోతుందనీ కరకంబాడి రోడ్డులో చెప్పుకుంటారు. నమ్మనివాళ్ళు ఆ రోడ్డుకు పోయి అడగవచ్చు.

వాళ్ళ నాయన పెట్టిన పోత కార్ఖానా అది. చెక్క నమూనాను పెట్టెలో పెట్టి ఇసుక కూరతారు. పెట్టెను రెండుగా విప్పి నమూనాను మెల్లగా లాగేస్తారు. మిగిలిన ఖాళీలో ఇనుము పోస్తారు.

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళకు మిషన్ చెయ్యి ఒకటి కావాలి. కాయలు దిగేలోగా పోసివ్వకపోతే చెన్నైలో ప్రింటింగు చేయించుకుంటామన్నారు. పొరమీద పొరగా ఇనుమును పేర్చే మిషన్లు వచ్చాయి కదా. అటు పోయిన బేరం మళ్ళీ ఇటు తొంగి చూడదు. నాయన వెలిగించిన కొలిమి తన చేతుల్లోనే ఆరిపోతుంది.

ఆ చెయ్యి డిజైను పంపిన ఇంజనీరు మాధవ్‌కు ఫోన్ చేశాడు.

"ఏం గీసినావు మాధవా? చెదలు తిన్న దూలం మాదిరి ఉండాది!"

"నేను గీయలేదన్నా, సాఫ్ట్‌వేర్ గీసింది. బలం అక్కర్లేని చోటంతా తొలిచేసింది. బరువు సగం తగ్గింది తెలుసా?"

"సగమా? అదీ సంగతి! తిరపతి క్షవరం! సగం గొరిగి, మిగతా సగానికి ఇంకోణ్ణి సూసుకోమన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినోణ్ణి తెచ్చి నా ముందర నిలబెట్టు, సెప్తా!"

"అన్నా, అదే చెప్పబోతున్నా, ఇవాళ..."

మునిశేఖర్ ఫోన్ పెట్టేశాడు.

తలెత్తితే గుమ్మంలో ఒక గుండు. ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి. నెత్తిన చందనం ఇంకా తడారలేదు. కాళ్ళకు చెప్పులు లేవు.

తిరుపతిలో గుండును పట్టుకొని నువ్వెవరని అడిగేవాళ్ళుండరు. దారి తప్పిన యాత్రికురాలు, అంతే.

"అలిపిరి అటుపక్క మే! గంటలు గింటలు ఈడ అమ్మం."

"గంట కోసం రాలేదన్నా. నేను..."

"నువ్వెవురైతే నాకేం?"

ఇసుక జల్లించే భారతమ్మ జాలిపడి చెంబుతో నీళ్ళిచ్చింది. గుండామె తాగి, నేరుగా పోయి కూలిన ఇసుకలో వేలు పెట్టింది.

పోత పోసేవాడి ఇసుకలో వేలు పెట్టడం, పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం తన్నడం ఒకటే.

"ఎందుకు కూలిందన్నా?"

"ఎందుకా? ఇడ్లీ ఎప్పుడైనా తిన్న్యావా? ఇడ్లీ గుంతకు నోరు వెడల్పు, అడుగు సన్నం. కాబట్టి ఇడ్లీ ఊడొస్తాది. కుండలో ఇడ్లీ పోస్తే బయటికి ఎట్ల తీస్తావు? ఆ సాఫ్ట్‌వేరోడు నాకు అన్నీ కుండలే పెట్టినాడు!"

"లోపల ఈ బొక్క..."

"వాకిలి లేని ఇల్లు! లోపలి ఇసుకను ఎవురు తీస్తారు, వాళ్ళ తాతా?"

"ఇక్కడ లావు, పక్కనే సన్నం..."

"ఏనుగు తొడకు దోమకాలు అతికించినాడు! సన్నంది ముందే సల్లారిపోతాది. లావుది మెల్లగా సల్లారతా దాన్ని గుంజుతాది. పగలక ఏం సేస్తాది?"

"మరి ప్రింటింగులో అయితే..."

ఆ మాటతో కార్ఖానా రేకులు అదిరాయి.

"ప్రింటింగా! దానికి మాత్రం గాల్లో దోసె పోస్తే నిలుస్తాదా? కింద పెనం ఉండొద్దా? ఇంగ నడువు! ఈ పక్కకు మళ్ళా రావద్దు!"

ఆమె సంచిలోంచి లడ్డూ తీసింది. "ప్రసాదం అన్నా."

"నాకొద్దు!"

కొండ మీది లడ్డూ వద్దన్నవాడు తిరుపతి పుట్టినప్పటినుంచీ ఆయనొక్కడే. భారతమ్మ లెంపలేసుకొని, రెండు చేతులా అందుకుంది. వచ్చినామె గుండు నిమురుకుంటూ వెళ్ళిపోయింది.

చెట్టు మీద కాయ రంగు తిరగకముందే మాధవ్ ఇంకో డిజైను తెచ్చాడు. కొత్త నమూనా ఇసుకలోంచి ఇడ్లీలా ఊడొచ్చింది. పోసిన చెయ్యిని సుత్తితో తడితే ఖంగుమంది. ఫ్యాక్టరీ బేరం నిలిచింది.

మునిశేఖర్ కోపం మాత్రం దిగలేదు.

"ఈ బుద్ధి ముందర యాడ పోయింది వాళ్ళకు?"

"ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పోతకొక మీట, ప్రింటింగుకొక మీట పెట్టారన్నా. చేయలేనిది గీయనివ్వదు. మొండికేస్తే తెలుగులోనే తిడుతుంది, చూడు."

మాధవ్ ల్యాప్‌టాప్ తెరిచి, కావాలనే ఒకచోట కడుపు ఉబ్బించి గీశాడు. ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

'కుండలో ఇడ్లీ పోస్తే బయటికి ఎట్ల తీస్తావు?'

లోపల బొక్క పెట్టి మూసేశాడు.

'వాకిలి లేని ఇల్లు.'

ప్రింటింగు మీట నొక్కి, ఆధారం లేని కొమ్మ ఒకటి సాగదీశాడు.

'గాల్లో దోసె నిలుస్తాదా?'

మునిశేఖర్ బల్ల మీద గుద్దాడు.

"నా తిట్లు! నా నోట్లో మాటలు ఎవుడు ఎత్తకపోయినాడు? వాణ్ణి తెచ్చి నా ముందర నిలబెట్టు!"

"వాడు కాదన్నా, ఆమె. సాఫ్ట్‌వేర్ గట్టెక్కితే గుండిస్తానని మొక్కుకుందట. కొండ దిగి నేరుగా నీ దగ్గరికే వస్తానంది, పోత నేర్చుకుంటానని. ఆ రోజు అదే చెప్పబోతే ఫోన్ పెట్టేశావు. రాలేదా?"

మునిశేఖర్ గుమ్మం వైపు చూశాడు.

భారతమ్మ జల్లెడ కింద పెట్టింది.

"రాకేం నాయనా," అంది మునిశేఖర్‌తో, "మిగతా సగం గొరగడానికే వచ్చినాది, నువ్వే అలిపిరికి దారి సూపించి తోలేసినావు."