ఓమెర్ పట్టుబట్టిన టైర్లు

"సన్నవే వెయ్యి," అన్నాడు ఓమెర్.

షాపు యజమాని వన్నెస్ తన చేతిలోని లావు టైరును బల్ల మీద పడేసి నుదురు రుద్దుకున్నాడు. ఔదెనార్డె ఊళ్ళో ఏప్రిల్ వచ్చిందంటే సైకిల్ షాపువాడికి తిండీ నిద్రా ఉండవు. ఆదివారం అసలు సైకిల్ పందెం. ముందు రోజు శనివారం మామూలు జనం కూడా అదే దారిన, అవే రాళ్ళబాటల మీద, అవే గుట్టలెక్కుతూ తొక్కుతారు. వాళ్ళలో సగం మందికి టైర్ల గురించి అన్నీ తెలుసు. మిగతా సగం ఓమెర్ లాంటివాళ్ళు. వాళ్ళకి ఇంకా ఎక్కువ తెలుసు.

"పెద్దాయనా, ఇప్పుడు పందెంవాళ్ళే లావువి వేయించుకుంటున్నారు. ఈ సన్నటివి మొదటి రాళ్ళబాట కూడా దాటవు."

"నువ్వు పుట్టకముందు నుంచీ దాటుతున్నాను."

"సరే, గాలైనా గట్టిగా కొట్టనివ్వండి."

"వద్దు, తక్కువ కొట్టు. రాళ్ళ మీద గాలి తక్కువుండాలని మా నాన్న చెప్పేవాడు."

"అయ్యో, అది లావు టైర్ల సంగతి! సన్నదాంట్లో గాలి తక్కువైతే రాయి అంచు తగలగానే ట్యూబుకి చిల్లే."

"పడితే పడుతుంది. నువ్వు వెయ్యవయ్యా!"

తలుపుకి చేరబడి ఓమెర్ భార్య హెర్మీన ఇదంతా వింటోంది. చలికాలమంతా ఓమెర్ న్యుమోనియాతో మంచం పట్టాడు. ఆమె రాత్రింబవళ్ళు అతని దగ్గు విని విని అలిసిపోయింది. ఇప్పటికీ మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకుంటాడు. అలాంటివాడు ఆ గుట్టలెక్కుతాడట! ఈ ఒక్క ఏడూ మానెయ్యవయ్యా అని ఆమె ఎన్ని విధాల చెప్పిందో. గోడకి చెప్పినా ఈపాటికి వినేది.

"మీరైనా చెప్పండమ్మా," అన్నాడు వన్నెస్.

"చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది నాయనా. మొండివాడు రాజు కన్నా బలవంతుడు."

అంతలో ఫిర్మిన్ లోపలికొచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఓమెర్‌తో కలిసి తొక్కేవాడు. అతని సైకిలుకి బ్రేకులున్నాయి గానీ నోటికి లేవు.

"ఏరా ఓమెర్, ఈసారి నీకు బీరు చెప్పమంటావా, పాలు చెప్పమంటావా?"

షాపులో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. కూడలి కఫేలో వాళ్ళ ముఠాకి ఒక ఆచారముంది. టైరు పగిలి వెనక్కొచ్చినవాడికి బీరు, కాళ్ళు చాలక వెనక్కొచ్చినవాడికి గ్లాసుడు పాలు. పోయినేడు వాళ్ళలో ఆల్‌బ్రెక్ట్ అనేవాడు గుట్ట మధ్యలో దిగిపోయాడు. ఆ తర్వాత అతనెప్పుడొచ్చినా ముందు పాలే పెట్టారు. పాపం, చివరికి కఫేకి రావడమే మానేశాడు.

"నేను పాలు తాగను," అన్నాడు ఓమెర్. అతను మాత్రం నవ్వలేదు.

ఇద్దరూ మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్ళగానే హెర్మీన గబగబా బల్ల దగ్గరికొచ్చింది.

"ఆ రాళ్ళ మీద టైరు పగిలి పడ్డాడంటే తుంటి విరుగుతుంది, వన్నెస్. పైకి ఆయన అడిగిన టైరే కనబడాలి, లోపల మాత్రం పగలకూడదు. దారేదైనా ఉందా?"

"లోపల గట్టి పట్టీ వేస్తాను. ట్యూబులో జిగురు మందు పోస్తాను, చిల్లి పడినా దానంతటదే పూడుకుంటుంది. ఆయనకి తెలిస్తే నన్ను చంపేస్తాడు."

"తెలిస్తే కదా!"

శనివారం పొద్దున ఓమెర్ కాఫీ తాగి, రొట్టె ముక్క అలాగే వదిలేసి లేచాడు. పంపూ, విడి ట్యూబూ బల్ల మీదే ఉన్నాయి.

"ఇవి మర్చిపోతున్నావు."

"అనవసరపు బరువు."

"మరి టైరు పగిలితే?"

"కారేసుకుని నువ్వొస్తావుగా. మొదటి రాళ్ళబాట చివర నిలబడు. నా దళసరి కోటు తీసుకురా."

"తొక్కేవాడికి కోటెందుకయ్యా?"

"తెమ్మన్నాను, తే."

వాదించే ఓపిక ఆమెకీ లేదు. కోటు పట్టుకుని వెళ్ళి నిలబడింది. సైకిళ్ళు దడదడలాడుతూ వస్తున్నాయి. అందరూ బాట అంచున నున్నటి మట్టి మీద వరసకట్టి పోతున్నారు. ఎవడిదో టైరు తుస్సుమంది. హెర్మీన గబుక్కున ముందుకొచ్చింది. చూస్తే ఎవరో కుర్రాడు. అతని వెనకే ఓమెర్ వచ్చాడు. అంచున కాదు, నట్టనడుమ, రాళ్ళు పళ్ళు బయటపెట్టిన చోట! ఈ మనిషికి బుద్ధెప్పుడొస్తుందో అనుకుందామె.

బాట చివర ఓమెర్ వంగి చక్రం వైపు చూశాడు. ఆమె వైపు, ఆమె చేతిలో కోటు వైపు చూశాడు. హెర్మీన సంతోషంగా చెయ్యి ఊపింది. అతను ఊపలేదు. వెనక నుంచి ఫిర్మిన్ "పద పద, ఆగకు!" అని అరిచాడు. ఇద్దరూ మలుపు తిరిగిపోయారు.

సాయంత్రం దాదాపు అందరూ కూడలి కఫేకి చేరాక వచ్చాడు ఓమెర్. ముఖం బూడిద రంగుకి తిరిగింది. పెదవులు నీలంగా ఉన్నాయి. తనంతట తాను దిగలేకపోతే హెర్మీనా ఫిర్మినూ పట్టుకుని దింపి బెంచీ మీద కూర్చోబెట్టారు.

"గట్టివాడివిరా! వచ్చే ఏడూ నువ్వూ నేనే!" అని వీపు చరిచి, ఫిర్మిన్ బీరు తేవడానికి పరిగెత్తాడు.

హెర్మీన కోటు కప్పింది. వంకర్లు పోయిన అతని వేళ్ళని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్కటే రుద్దింది. బతికొచ్చాడు, అదే చాలు. ఇక దాచడమెందుకనిపించింది.

"ఒక్క పంక్చరైనా అయిందా? ఎవరి పుణ్యమనుకున్నావు? నీకు తెలీకుండా వన్నెస్ చేత లోపల పట్టీ వేయించింది నేనే."

 కోప్పడడానికి కూడా ఓమెర్‌లో ఓపిక మిగల్లేదు.

"పగిలితే పరువుగా దిగిపోదామనుకున్నానే," అన్నాడు.