రెండో చరణం ముందు

“ఛీ, ఇవి కూడా పనికిరావండీ.”

సినిమా పాటల్లో కోరస్ పాడే జెరూష మూడో హెడ్‌ఫోన్స్ లాగేసి, జిడ్డు స్పాంజి తగిలిన చెవులను చున్నీతో తుడుచుకుంది. ఆమె వాక్‌మన్‌లో నిన్ననే విడుదలైన క్యాసెట్ ఉంది.

“ఏమైతుందమ్మా?” అన్నాడు ఫిల్మ్ నగర్‌లో ఆ ఎలక్ట్రానిక్స్ కొట్టు నడిపే రాములు.

“రెండో చరణం ముందు నా హమ్మింగ్ ఉంది. నేనొక్కదాన్నే పాడాను. ఈ చవకవాటిల్లో అసలు వినిపించట్లేదు. రేపు చర్చిలో ఒక్కొక్కరి చెవులకీ పెట్టి అందరికీ వినిపిస్తానని చెప్పుకున్నాను.”

రాములు అద్దాల బీరువాలోంచి ఖరీదైనవి తీసిచ్చాడు. ఆమె విని, మొహం చిట్లించి, వాటిని అతనికే ఇచ్చేసింది.

“మీరే వినండి.”

అతను కళ్లు మూసుకుని విన్నాడు. “హమ్మింగేం లేదమ్మా. గాడ ఫ్లూట్ ఉంది. మంచిగ ఊదిండు.”

జెరూష క్యాసెట్ వెనక్కి తిప్పి, మొదట విసిరేసిన నూట యాభై రూపాయలవి మళ్లీ పెట్టుకుంది. తను పాడిన బాణీనే, తను పాడిన చోటే, ఫ్లూట్ పలుకుతోంది. ఊదినవాడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా స్పష్టంగా ఉంది.

“ఇవే ఇవ్వండి,” అంది, చెవులు తుడుచుకోకుండానే. “వీటిని అనవసరంగా ఛీ అన్నాను.”