రేపల్లె చేరిన బొమ్మ

నా బొమ్మ అమ్ముడుపోయింది.

ఆ సంగతి ఫోన్లో చెప్పేటప్పుడు మా ఆవిడ రాగసుధ గొంతులో ఆనందం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. నేనప్పుడు బాపట్లలో, మా బావమరిది శశాంక్ హార్డ్‌వేర్ షాపులో, కౌంటర్ వెనక కుర్చీ నాకు సరిపోతుందో లేదో కూర్చుని చూస్తున్నాను.

తెనాలిలో నాది పెయింటింగ్ కొట్టు. ఇంటి ముందు గదే కొట్టు. షాపుల బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పట్టుకుపోయాయి. పోయినవాళ్ల పటాలు వేసేవాణ్ణి. ఇప్పుడు ఫోన్లో ఉన్న ఫోటోనే పెద్దది చేయించుకుంటున్నారు. ఖాళీగా ఉన్న టైమును ఊరికే పోనివ్వడం నాకు గిట్టదు. అందుకని కళ మీద పెట్టుబడి పెట్టాను. ఎవరూ అడగకుండానే ఒక పెద్ద ఆయిల్ పెయింటింగ్ వేశాను. ఒక నడివయసు మనిషి ముఖం, అంతే.

మోడల్‌ని ఎంచుకోవడంలో నా వ్యాపార బుద్ధి చూపించాను. రోజూ టైముకు వచ్చేవాడు. కూలి అడగలేదు. టీ ఖర్చు కూడా విడిగా కాలేదు.

బొమ్మ పూర్తయ్యాక శశాంక్ వచ్చి చూశాడు.

"బావా, ఏమనుకోకు. ఈ మొహాన్ని డబ్బులిచ్చి ఎవరు కొంటారు?"

"కళ్లు చూడరా. వాటిలో ఎంత లోతుందో చూడు."

"అందుకే అంటున్నా. ఉగాదిలోపు ఇది అమ్ముడుపోతే నీ కొట్టు జోలికి రాను. పోకపోతే తాళం వేసి వచ్చి నా కౌంటర్లో కూర్చో."

ఒప్పుకున్నాను. ఓడితే ఫ్యాను కింద కుర్చీ, నెలనెలా జీతం. గెలిస్తే అవే బ్రష్షులు. ఎలా లెక్కేసినా ఓడటమే లాభం. అయినా గెలవాలనే ఉంది. నా లెక్కలన్నిటిలో కూడిక కుదరనిది అదొక్కటే.

రాగసుధ మాత్రం ఆ బొమ్మను గోడవైపు తిప్పి పెట్టేది. "ఇది ఇటు చూస్తుంటే పాలు విరిగిపోతున్నాయండి" అనేది.

అలాంటి బొమ్మ అమ్ముడుపోయింది.

"ఎవరు కొన్నారు?" అని ఫోన్లో అడిగాను.

"రేపల్లె ఆయనండి. బసవేశ్వరరావు గారంట, ధాన్యం వ్యాపారం. బోర్డు రాయిద్దామని వచ్చి దీన్ని చూశారు. చూసి ఒకడుగు వెనక్కి వేశారండి."

బొమ్మను చూడటం తెలిసినవాడు ముందు వెనక్కే జరుగుతాడు.

"ఇంకా ఏమన్నారు?"

"ఆ కళ్లలోకి చూడలేకపోతున్నా అన్నారు. ఎండకీ వానకీ ఆగుతుందా అని అడిగారు."

పదికాలాలపాటు దాచుకోవాలనుకునేవాడు అడిగే ప్రశ్న అది.

"ఈ మనిషెవరమ్మా అని కూడా అడిగారండి. తెలిసినాయనే అన్నాను. బేరం కూడా ఆడలేదు."

కుర్చీలోంచి లేచాను. శశాంక్ మాత్రం నమ్మలేదు.

"టేకు ఫ్రేము కదా, దానికోసం కొనుంటాడు బావా. నలుగురికీ కనపడేటట్టు పెట్టుకున్నాడని ఫోటో తీసి చూపించు. అప్పుడు ఒప్పుకుంటా."

న్యాయమైన షరతే. మర్నాడు మోటార్ సైకిల్ మీద రేపల్లె బయల్దేరాను. దారి పొడుగునా నా బొమ్మ ఆయన హాల్లో, సోఫా పైన, ప్రత్యేకంగా పెట్టించిన లైటు కింద మెరుస్తూనే ఉంది.

ఇల్లు వెతుక్కునే శ్రమ తగ్గింది. బొమ్మ రోడ్డు మీదికే కనిపించింది.

ఇల్లింకా కడుతున్నారు. రెండో అంతస్తు స్లాబు నుంచి, వీధివైపు, పాలిథిన్ కవరు తొడుక్కుని నా బొమ్మ వేలాడుతోంది. ఒక పక్క బూడిద గుమ్మడికాయ. ఇంకో పక్క పాత చెప్పు.

గోడకు నీళ్లు కొడుతున్న మనిషిని అడిగితే, ఇసుక గుట్ట దగ్గరున్న బసవేశ్వరరావును చూపించాడు. ఆయనకు నేనెవరో తెలియదు. పైనుంచి ఏ ఇటుక ముక్క పడుతుందోనని నేను హెల్మెట్ తియ్యలేదు.

"ఆ బొమ్మ ఏంటండి?"

"దిష్టికండి. ముందు బజార్లో అమ్మే రాక్షసుడి మొహం కట్టాం. దానిమీద కాకులు వాలేవి. ఇది కట్టాక కాకులు సరే, మా తోడల్లుడు కూడా రావడం మానేశాడు. రోజూ వచ్చి, ఎంత బాగా కడుతున్నావో అని ఒకటే ఏడుపు."

"వేసినవాడు మంచి ఆర్టిస్టు అయ్యుంటాడు" అన్నాను, ఆశ చావక.

"వేసినాయన సంగతి నాకు తెలీదు గాని, ఎదురుగా కూర్చున్నవాడు మాత్రం సామాన్యుడు కాదండి. అలాంటి మొహం నేర్చుకుంటే రాదు. పుట్టుకతో రావాలి."

ఫోటో తియ్యడానికి బయటికి తీసిన ఫోన్ మళ్లీ జేబులో పెట్టేశాను. బండి స్టార్ట్ చెయ్యబోతుంటే ఆయనే ఆపాడు.

"ఎటు వెళ్తున్నారండి?"

"తెనాలి."

"అయితే ఒక సాయం చేసిపెట్టండి. అక్కడ పెయింటర్ కొట్లో ఒక మాట చెప్పండి. పెరటివైపుకి ఇంకోటి కావాలి, ఎంతైనా ఇస్తాను. అదే మనిషి కావాలి గాని, ఈసారి ఇంకాస్త కోపంగా చూడాలి. మళ్లీ వచ్చి కూర్చుంటాడంటారా?"

లెక్క చూసుకున్నాను. పరువు పోయింది. కొట్టు నిలబడింది. కొన్నవాడే మళ్లీ కొంటానంటుంటే ఫోటో అడిగే హక్కు ఏ బావమరిదికీ ఉండదు.

"కూర్చుంటాడండి. వాడికి మాత్రం ఏం పనుంది?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కొట్టు తీసి, కొత్త కాన్వాస్ బిగించి, రంగులు కలుపుకుని, అద్దం ముందు కూర్చుని కాస్త కోపంగా చూశాను.